హెచ్‌టీఎంఎల్ కూర్పులు, తెలుగు వెబ్‌పేజీ

వెబ్‌పేజీలను రాసే మార్కప్ భాష హెచ్‌టీఎంఎల్‌కు ప్రమాణ సంస్థలు 1995 నుంచి 2017 వరకు వర్షను నంబర్లు వేస్తూ వచ్చాయి. అధికారికంగా వెలువడినవి 2.0, 3.2, 4.0, 4.01, 5, 5.1, 5.2. ఏ ట్యాగు చెల్లుతుంది, దానికి ఏ లక్షణాలు తగిలించవచ్చు, పేజీలో ఏ లిపుల అక్షరాలు ఉండవచ్చు అన్నది ఆయా కూర్పులు నిర్ణయించేవి. 2021 జనవరిలో ఆ వరుస ముగిసింది. ఇప్పుడు వాడుకలో ఉన్న హెచ్‌టీఎంఎల్‌కు నంబరు లేదు, చివరిసారి దిద్దిన తేదీ మాత్రం ఉంటుంది.

ఈ నంబర్ల చరిత్రను మామూలుగా బ్రౌజరు కంపెనీల పోటీ కథగా చెబుతారు. తెలుగు వైపు నుంచి చూస్తే అది అంత పెద్ద కథ కాదు. ఏడు నంబర్లలోనూ తెలుగుకు గట్టిగా పనికొచ్చింది 4.0 ఒక్కటే. అదీ వెలువడిన నాడు కాదు, నాలుగేళ్ళు ఆగాక. ఆ తర్వాత తెలుగు పేజీ తలరాతను దిద్దినవి అన్ని లిపుల అక్షరాలకూ సంకేతాలిచ్చే యూనికోడ్ ప్రమాణపు వర్షన్లు, ఫాంట్లు, ఆపరేటింగ్ సిస్టములు. అందుకే ఈ వ్యాసం హెచ్‌టీఎంఎల్, యూనికోడ్ వరుసలు రెంటినీ కలిపి చూస్తుంది. లెక్కలకు ఉదాహరణగా ఒక ఊరి పేరు తీసుకుందాం: చిలకలూరిపేట. గుంటూరు నుంచి ఒంగోలు పోయే దారిలో, పత్తి, మిర్చి పండే నేలలో ఉన్న ఊరు. పేరులో ఒక్క వత్తు కూడా లేదు కాబట్టి లెక్క తేలికగా తేలుతుంది.

తొలి నంబర్లు

టిమ్ బెర్నర్స్-లీ 1991లో సెర్న్ ప్రయోగశాల నుంచి బయటపెట్టిన ట్యాగుల జాబితాకు వర్షను అంటూ ఏమీ లేదు. ఇరవై దాటని ట్యాగులు, ఒక్కోదానికి నాలుగు ముక్కల వివరణ, అంతే. 1993లో డాన్ కానొలీతో కలిసి ఆయన ఇంటర్నెట్ ఇంజనీరింగ్ టాస్క్ ఫోర్స్‌కు ఒక చిత్తుప్రతి ఇచ్చారు. అదే ఏడాది మొజాయిక్ బ్రౌజరు తనంతట తానే బొమ్మల ట్యాగు పెట్టేసుకుంది. బ్రౌజరు ముందు నడవడం, ప్రమాణం వెనకాల వచ్చి సంతకం పెట్టడం అన్న అలవాటు అక్కడే మొదలైంది. 1995 నవంబరులో ఆర్‌ఎఫ్‌సీ 1866 పేరుతో హెచ్‌టీఎంఎల్ 2.0 వచ్చింది. 1.0 పేరుతో ప్రమాణమేదీ రాలేదు. అప్పటిదాకా జనం రాసుకుంటూ వచ్చినదాన్నే ఒకటిగా లెక్కగట్టి, దీన్ని రెండు అన్నారు.

3.0 చిత్తుప్రతి దశలోనే పోయింది. డేవ్ రాగెట్ 1995 మార్చిలో తెచ్చిన ఆ ప్రతిలో పట్టికలు, గణిత సమీకరణాలు, ఇంకా చాలా ఉన్నాయి. ఏ బ్రౌజరూ దాన్ని పూర్తిగా తలకెత్తుకోలేదు, ఆరు నెలల గడువు తీరిపోయింది. 3.1 అన్నది అసలు లేదు. ప్రమాణాల పని ఈలోగా వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం (డబ్ల్యు3సీ) చేతికి వచ్చింది. అది 1997 జనవరి 14న విడుదల చేసిన 3.2, నెట్‌స్కేప్, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అప్పటికే చేస్తున్న పనుల జాబితా మాత్రమే. అదే ఏడాది డిసెంబరు 18న 4.0 వచ్చింది. దాని తప్పులు దిద్దిన 4.01 వచ్చింది 1999 డిసెంబరు 24న. ఆ తర్వాత పద్నాలుగేళ్ళకు పైగా హెచ్‌టీఎంఎల్ పేరుతో కొత్త నంబరు రాలేదు.

256 గదుల్లో తెలుగు

2.0, 3.2 రెండూ లాటిన్-1 అనే అక్షర పట్టిక మీద కట్టినవి. అందులో 256 గదులుంటాయి. పశ్చిమ ఐరోపా భాషలకు అవి చాలు. తెలుగుకు వాటిలో ఒక్కటి కూడా లేదు. చిలకలూరిపేట అని తెలుగులో రాయడానికి ఆ కూర్పుల ప్రకారం చట్టబద్ధమైన మార్గం లేదు, బొమ్మగా పెడితే తప్ప. ఇక్కడి నుంచి తెలుగువాళ్ళు రెండు దారులు పట్టారు.

మొదటిది ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ 1990ల మొదట్లో రూపొందించిన ఆర్‌టీఎస్ పద్ధతిలో పెద్ద అక్షరాలకు ఒక విలువ, చిన్న అక్షరాలకు ఇంకొక విలువ ఉంటుంది. దీర్ఘాలు, లళలు, ణనలు తేడా తెలిసేలా రాయవచ్చు. చూడ్డానికి ముచ్చటగా ఉండదు. అయినా ఒక తెలుగు అక్షరానికి ఒక తీరైన రాత ఉంది గనుక అందులో రాసిన పాఠం ఏదీ పాడుకాలేదు. ప్రోగ్రాముతో తర్వాత యూనికోడులోకి తెచ్చుకోగలిగారు. లేఖిని లాంటి తెలుగు టైపింగు పరికరాల్లో ఇవాళ్టికీ వేళ్ళు కొడుతున్నది ఇంచుమించు ఆ రాతనే.

రెండో దారి కంటికి ఇంపైనది, లోపల గుల్ల. లాటిన్-1 గదుల్లో ఐరోపా అక్షరాలు ఉండాల్సిన చోట తెలుగు అక్షరాల ముక్కలు గీసిన ఫాంటు ఒకటి తయారుచేస్తారు. పేజీ రాసేవాడు లోపల ఐరోపా అక్షరాల సంకేతాలే పెడతాడు, చుట్టూ ఫాంటు ట్యాగు తొడిగి ఫలానా ఫాంటుతో చూపించమంటాడు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటరులో తెలుగు కనిపిస్తుంది. లేని చోట గీతలు, చుక్కలు నెత్తికెక్కిన లాటిన్ అక్షరాల గుంపు కనిపిస్తుంది. తెలుగు గుణింతాలు, వత్తులు అన్నీ కలిపితే 256 గదులు ఏ మూలకూ చాలవు. అందుకని తలకట్టును, కొమ్మును, ఏత్వాన్ని, వత్తులను విడివిడి ముక్కలుగా గీసి ఒకదానిపై ఒకటి పేర్చేవారు. ఏ ముక్క ఏ గదిలో ఉండాలన్నది ఫాంటు చేసినవారి ఇష్టం. ఒకరి ఫాంటులో క ఉన్న గదిలో మరొకరి ఫాంటులో త వత్తు ఉండేది.

ఇందుకు వాడిన ట్యాగు సంగతి వింతగా ఉంటుంది. ఫలానా పేరున్న ఫాంటు కావాలని అడిగే ఫేస్ అనే లక్షణాన్ని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 1995లోనే పెట్టుకుంది. 3.2 ప్రమాణం ఫాంటు ట్యాగును ఒప్పుకుంది గానీ సైజు, రంగు వరకే. ఫేస్ 4.0లో ప్రమాణంలోకి అడుగుపెట్టింది, పెట్టిన రోజునే 'ఇది వాడకండి, ముందుముందు తీసేస్తాం' అనే ముద్రతో. 1990ల చివర తెలుగు వార్తల సైట్లు నిలబడినది సరిగ్గా ఆ లక్షణం మీద. ప్రమాణాలు రాసేవారికి తెలుగు గుర్తుండి చేసిన పనేమీ కాదది. పేజీ రూపురేఖలు ట్యాగుల్లో కాక స్టైల్ షీట్లలో ఉండాలన్నది వారి సిద్ధాంతం. ఆ సిద్ధాంతం సరైనదే. తెలుగువాడికి మాత్రం ఫేస్ రూపురేఖల వ్యవహారం కాదు, అది లేకపోతే లిపే లేదు.

పాఠకుడు ఫాంటు దించుకోనక్కర లేకుండా పేజీతో పాటే పంపే ఏర్పాటు 1997లో వచ్చింది. ఎక్స్‌ప్లోరర్ 4 ఒక రకం ఫాంటు ఫైలు అడిగింది, నెట్‌స్కేప్ 4 బిట్‌స్ట్రీమ్ కంపెనీ తయారుచేసిన ఇంకో రకం అడిగింది. రెండు రకాలూ పెట్టిన సైటు ఎక్కువమందికి కనిపించేది. ఈనాడు తన సొంత ఫాంటుతో వెబ్‌లోకి వచ్చింది, మిగతా పత్రికలు ఎవరి ఫాంటు వారు వాడాయి. ఇంకొన్ని భారతీయ భాషల పేజీలు 'ఎక్స్-యూజర్-డిఫైన్డ్' అనే ఎన్‌కోడింగు పేరు పెట్టుకునేవి. ఈ గదుల్లో ఏముందో నీకనవసరం, ఉన్నదున్నట్టు ఫాంటుకు అప్పగించు అని బ్రౌజరుకు చెప్పడమే దాని అర్థం.

దీనితో పోయినది వెతుకులాట. మార్కెట్ ధరల పేజీలో చిలకలూరిపేట ఉన్నా సెర్చ్ ఇంజనుకు కనబడేది అర్థంలేని లాటిన్ అక్షరాల వరుస. ఒక పత్రికలో పేరు ఒక వరుస, మరో పత్రికలో వేరొక వరుస. మిర్చి ధర కోసం ఒక రైతు కొడుకు హైదరాబాదులోనో హ్యూస్టన్‌లోనో కూర్చుని వెతికినా ఊరి పేరు తెలుగులో కొడితే ఏదీ దొరికేది కాదు. గూగుల్ ఎంత గొప్పదైనా చేయగలిగింది లేదు, పేజీలో ఆ పేరు లేదు మరి. ఉన్నది దాని బొమ్మను పుట్టించే సూచనలు.

4.0 తెచ్చిన మార్పు

1997 జనవరిలో ఆర్‌ఎఫ్‌సీ 2070 అని ఒక పత్రం వచ్చింది. ఫ్రాన్స్వా ఎర్జో, గావిన్ నికోల్, గ్లెన్ ఆడమ్స్, మార్టిన్ డ్యూర్స్ట్ రాసినది. హెచ్‌టీఎంఎల్ పత్రానికి ఆధారమైన అక్షర పట్టిక లాటిన్-1 కాదు, యూనికోడ్‌తో సరిసమానమైన ఐఎస్ఓ 10646 అని దాని సారాంశం. ఆ ఏడాది చివర వెలువడిన 4.0 దాన్ని తనలో కలుపుకుంది. ఫ్రేములు, ఫారాలు, స్టైల్ షీట్ల గురించి అప్పటి పత్రికలు రాసినంతగా దీని గురించి ఎవరూ రాయలేదు. తెలుగుకు సంబంధించి హెచ్‌టీఎంఎల్ చరిత్ర మొత్తంలో ముఖ్యమైన వాక్యం మాత్రం అదే.

యూనికోడులో తెలుగుకు కేటాయించిన గదులు దశాంశంలో 3072 నుంచి 3199 వరకు, మొత్తం 128. చ అక్షరం 3098, గుడి 3135, ల 3122. చిలకలూరిపేటలో పలికే అక్షరాలు ఏడు, యూనికోడ్ సంకేతాలు పదకొండు: చ, గుడి, ల, క, ల, కొమ్ముదీర్ఘం, ర, గుడి, ప, ఏత్వం, ట. యూనికోడును బైట్లుగా రాసే పద్ధతి యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు, అంటే ఊరి పేరు 33 బైట్లు. యూటీఎఫ్-8 పంపలేని సర్వరు ఉంటే ప్రతి సంకేతాన్నీ ఆంపర్సాండ్, హాష్, నాలుగంకెల సంఖ్య, సెమికోలన్‌తో రాయవచ్చు. అప్పుడు అదే పేరు 77 బైట్లవుతుంది. మోడెం రోజుల్లో అది చిన్న విషయం కాదు. అయినా ఏ ఫాంటు పెట్టినా, ఎవరు రాసినా ఆ పదకొండు సంకేతాలు మారవు.

4.0లో తెలుగుకు పనికొచ్చినవి ఇంకా రెండు ఉన్నాయి. ఒకటి లాంగ్ లక్షణం: ఈ పేరా తెలుగు, ఆ పేరా ఇంగ్లీషు అని చెప్పుకోవచ్చు. చదివి వినిపించే సాఫ్ట్‌వేరుకు ఏ గొంతు ఎత్తుకోవాలో దాన్ని బట్టే తెలుస్తుంది. రెండోది కంటికి కనబడని ఒక సంకేతానికి, 8204కు, పేరుపెట్టి రాసుకునే వీలు. రెండు హల్లులు కలిసి వత్తు పడకుండా మధ్యలో నిలబడేది అదే. 'ఫైర్‌ఫాక్స్' అని రాస్తే ర పొల్లుగా నిలిచి ఫా విడిగా రావాలి. ఆ సంకేతం లేకపోతే ఫ వత్తు కిందికి దిగి 'ఫైర్ఫాక్స్' అవుతుంది. ఇంగ్లీషు మాటలు తెలుగు లిపిలో రాయకుండా పూట గడవని కాలంలో ఇది రోజూ అక్కరకొస్తున్న సదుపాయం. వాడుతున్నవారిలో చాలామందికి అది ఉందని కూడా తెలియదు.

ఇంత చేసినా 1997లో తెలుగు పేజీ పుట్టలేదు. ప్రమాణం అనుమతి ఇస్తుంది గానీ అక్షరాలను పేర్చి చూపించాల్సింది ఆపరేటింగ్ సిస్టము. విండోస్ 2000కు దేవనాగరి, తమిళం వచ్చు, తెలుగు రాదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు, తెలుగు అక్షరాలను పేర్చే యంత్రాంగం వచ్చాయి. అప్పుడు కూడా సంక్లిష్ట లిపుల ఫైళ్ళను సీడీ పెట్టి విడిగా ఎక్కించుకోవాలి. తిరుమల కృష్ణదేశికాచార్యులు తయారుచేసి ఉచితంగా ఇచ్చిన పోతన, వేమన ఫాంట్లు ఈ మొదటి రోజుల యూనికోడ్ తెలుగుకు ఊతమిచ్చాయి. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున తెలుగు వికీపీడియాను ప్రారంభించారు. ఆయనే పద్మ అనే పనిముట్టును కూడా తయారుచేశారు. ఫైర్‌ఫాక్స్‌కు తగిలించుకుంటే పత్రికల సొంత ఫాంట్ల పేజీలను తెరిచిన చోటే యూనికోడులోకి మార్చి చూపేది. అంటే పాత దారిలో కట్టిన పేజీని కొత్త దారిలోకి తెచ్చే పని పేజీ యజమాని ఊసు లేకుండా పాఠకుడి బ్రౌజరే చేసుకునేది. ఏ హెచ్‌టీఎంఎల్ కూర్పూ ఇలాంటిదొకటి వస్తుందని ఊహించలేదు.

డాక్‌టైప్: ఎవరూ చదవని నంబరు

పేజీ మొదటి వరుసలో ఇది ఫలానా కూర్పు అని ప్రకటించే డాక్‌టైప్ అనే పంక్తి ఉండేది. బ్రౌజరు అందులోని నంబరు చూసి ఆ కూర్పు నియమాల ప్రకారం నడుస్తుందని పేజీలు రాసేవారు నమ్మేవారు. పెద్ద బ్రౌజర్లేవీ ఏనాడూ ఆ పని చేయలేదు. అన్ని పేజీలకూ ఒకటే యంత్రం. చిలకలూరిపేట పక్కనుంచి పోయే చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారికి 2010 దాకా 5వ నంబరు, తర్వాత 16వ నంబరు. రాళ్ళ మీద అంకె మారింది గానీ పత్తి లారీలు అదే తారు మీద పోతున్నాయి. డాక్‌టైప్ నంబరు సంగతీ అంతే.

డాక్‌టైప్‌కు ఒక ఉపయోగం మాత్రం పుట్టింది, దాన్ని కనిపెట్టినవారు ఊహించనిది. 2000లో మాకింటోష్‌కు వచ్చిన ఎక్స్‌ప్లోరర్ 5, డాక్‌టైప్ ఉన్న పేజీ రాసినవాడు జాగ్రత్తపరుడని, లేనిది పాతకాలపు పేజీ అని ఊహించింది. మొదటి రకానికి ప్రమాణాల ప్రకారం, రెండో రకానికి పాత బ్రౌజర్ల తప్పులతో సహా కొలతలు వేసింది. తక్కిన బ్రౌజర్లూ ఇదే అనుసరించాయి. ఆ విధంగా వర్షను ప్రకటించే పంక్తి పాత, కొత్త అని రెండు ముఖాల మీటగా మిగిలింది. బ్రౌజర్లు చదవకపోయినా మరికొన్ని ప్రోగ్రాములు ఆ పంక్తిలోని చిరునామాను అమాయకంగా అనుసరించి డబ్ల్యు3సీ సర్వరు దగ్గరికి పరుగెత్తేవి. రోజుకు 13 కోట్ల దాకా అభ్యర్థనలు వస్తున్నాయని 2008లో ఆ సంస్థ మొత్తుకుంది.

ఎక్స్‌ప్లోరర్ 8 సమయంలో మైక్రోసాఫ్ట్ మరో మెట్టు ఎక్కింది. ఏ వర్షను బ్రౌజరు లాగా ప్రవర్తించాలో పేజీయే చెప్పేలా ఒక శీర్షికను పెట్టింది. పేజీ నోరు విప్పకపోతే ఎక్స్‌ప్లోరర్ 7 లాగానే నడవాలని మొదట అనుకుని, 2008 మార్చిలో ఆ మాట వెనక్కి తీసుకుంది. పాత ఎక్స్‌ప్లోరర్‌లో మాత్రమే సరిగా కనిపించే ఆఫీసు పేజీలు ఎన్నో ఉన్న రోజులవి. వాటికి ఆ శీర్షిక ప్రాణవాయువు అయింది.

అంకె పోవడం

2000 జనవరి 26న వచ్చిన ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ 1.0, 4.01లోని ట్యాగులనే ఎక్స్ఎంఎల్ వ్యాకరణంలోకి తెచ్చింది. తెరిచిన ట్యాగు మూయాలి, పేర్లు చిన్న అక్షరాల్లో ఉండాలి. తప్పుంటే నిజమైన ఎక్స్ఎంఎల్ బ్రౌజరు పేజీని చూపడం ఆపేసి పొరపాటు సందేశం ఇవ్వాలి. ఇంత కఠినం ఎవరికి కావాలి? ఎక్స్‌ప్లోరర్‌కు 2011లో 9వ వర్షను దాకా ఆ తరహా పేజీ తెరవడమే రాలేదు. అందుకని అందరూ ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ అని డాక్‌టైప్ రాసి, మామూలు హెచ్‌టీఎంఎల్‌గానే పంపించారు. తెలుగు వికీపీడియా పేజీలు కూడా 2000ల దశకంలో అలాగే నడిచాయి. ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ చేసిన మేలు ఒకటి చెప్పుకోవాలి: ఎక్స్ఎంఎల్‌లో ఎన్‌కోడింగు చెప్పకపోతే యూటీఎఫ్-8 లేదా యూటీఎఫ్-16 అనే అర్థం. ఎన్‌కోడింగు అన్నది చెప్పితీరాల్సిన విషయమని ఒక తరం ప్రోగ్రామర్లకు దీనితోనే అలవాటైంది.

2002లో మొదలైన ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ 2 పాత పేజీలతో పొత్తు వదులుకుంది. దానికి ఎదురుగా 2004 జూన్‌లో ఆపిల్, మొజిల్లా, ఒపెరా మనుషులు వాట్‌డబ్ల్యుజీ అనే బృందం పెట్టుకున్నారు. ఇయన్ హిక్సన్ సంపాదకుడు. ఉన్న పేజీల్లో ఒక్కటీ విరగకుండా కొత్తవి చేర్చుకుంటూ పోదాం అన్నది వారి పట్టు. 2007లో డబ్ల్యు3సీ ఆ పనినే తనదిగా తీసుకుంది. 2009లో ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ 2 ఆపేస్తామని ప్రకటించింది. 2011 జనవరి 18న డబ్ల్యు3సీ హెచ్‌టీఎంఎల్5కు లోగో ఆవిష్కరించింది. మర్నాడే వాట్‌డబ్ల్యుజీ ఇక మా దగ్గర 5 లేదు, వట్టి హెచ్‌టీఎంఎల్ అంది. ఇంత చక్కని కాలయోగం ప్రమాణాల చరిత్రలో అరుదు. ఆపై కొన్నేళ్ళు రెండు ప్రతులు సమాంతరంగా నడిచాయి. డబ్ల్యు3సీ 2014 అక్టోబరు 28న 5, 2016లో 5.1, 2017 డిసెంబరులో 5.2 వెలువరించింది. బ్రౌజరు కంపెనీలు చూసుకున్నది నంబరు లేని ప్రతినే. 2019 మేలో రెండు సంస్థల మధ్య ఒప్పందం కుదిరింది, 2021 జనవరి 28న 5.x కూర్పులకు తెరపడింది.

యూనికోడ్ కూర్పులు

హెచ్‌టీఎంఎల్ అంకె వదిలేసింది, యూనికోడ్ మాత్రం వదల్లేదు. ఇంచుమించు ఏటా ఒక వర్షను వస్తోంది. తెలుగు 1991 అక్టోబరు నాటి 1.0లోనే ఉంది, భారత ప్రభుత్వ ప్రమాణమైన ఐఎస్‌సీఐఐ వరుస ఆధారంగా. 2.0లో కొరియన్ అక్షరాలను ఒక చోటు నుంచి మరో చోటికి తరలించాక, ఇకపై గది కేటాయించిన అక్షరాన్ని కదపరాదు, తీసివేయరాదు అని నియమం పెట్టుకున్నారు. వర్షను మారినా పాతది చెడదు అన్న హామీ ఇది. హెచ్‌టీఎంఎల్ కూర్పులు ఇచ్చిన 'ముందుముందు తీసేస్తాం' హెచ్చరికల కన్నా ఇది తెలుగుకు ఎంతో మేలు చేసింది.

తెలుగుకు పెద్ద చేర్పు 2008 నాటి 5.1లో జరిగింది. అవగ్రహం, దంత్యాలైన ౘ, ౙ, మరికొన్ని గుర్తులతో పాటు పాత లెక్కల అంకెలు వచ్చాయి. ధాన్యం కొలతల్లో పుట్టికి ఇరవై తూములు, తూముకు నాలుగు కుంచాలు, కుంచానికి నాలుగు మానికలు అన్న లెక్క ప్రాంతాన్ని బట్టి కొంత అటూఇటూ అయినా నడిచేది. నాలుగేసి చొప్పున విరిగే భిన్నాలకు కరణాల లెక్కల్లో విడిగా గుర్తులుండేవి: నాలుగో వంతు, అరవై నాలుగో వంతు లాంటి బేసి ఘాతాలకు నిలువు గీతలు, పదహారో వంతైన వీసం లాంటి సరి ఘాతాలకు అడ్డ గీతలు. ఈ గుర్తుల గురించిన ప్రతిపాదనను రాసింది కూడా వెన్న నాగార్జునే. తూము గుర్తు ౿ తెలుగు వరుసలో చిట్టచివరి గది, 3199లో ఉంది. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పాత దస్త్రాలను వెబ్‌లోకి ఎక్కించేవారికి ఇవి కావాలి.

ఆ తర్వాతివి శాసనాల వైపు మళ్ళాయి. 2014 నాటి 7.0లో ఴ, మరుసటి ఏటి 8.0లో ౚ, 2021 నాటి 14.0లో నకారపు పొల్లు ౝ చేరాయి. అక్షరం యూనికోడులో చేరగానే పేజీలో కనిపించదు. దానికి ఫాంటులో బొమ్మ ఉండాలి. లేకపోతే ఖాళీ పెట్టె వస్తుంది. ఈ వ్యాసంలోని నకారపు పొల్లు కొందరి ఫోన్లలో పెట్టెగానే కనిపించవచ్చు.

2023 సెప్టెంబరు నాటి 15.1 తెలుగు అక్షరమేదీ చేర్చకుండానే తెలుగుకు పెద్ద పని చేసింది. పాఠకుడి దృష్టిలో ఒక అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పే నియమం అప్పటిదాకా వత్తుల దగ్గర తెగిపోయేది. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరాన్ని మూడు ముక్కలుగా లెక్కపెట్టేది. కొత్త నియమం తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒరియా, మలయాళం లిపుల్లో వత్తులతో కలిపి ఒకటిగా చూస్తుంది. పేరా మొదటి అక్షరాన్ని పెద్దదిగా చేయమని స్టైల్ షీటులో అడిగితే స ఒక్కటీ ఉబ్బి తక్కినవి కింద వేలాడే వికారం దీనితో తగ్గాలి. చిలకలూరిపేటకు ఈ పాత, కొత్త నియమాల్లో దేనితో లెక్కపెట్టినా ఏడే.

అక్షరాలను పేర్చే యంత్రాంగంలో తప్పు ఎంత దూరం పోగలదో 2018 ఫిబ్రవరిలో తెలిసింది. జ కింద ఞ వత్తు, దాని తర్వాత ముందు చెప్పుకున్న అదృశ్య సంకేతం, ఆపై దీర్ఘం. ఈ వరుస తెరమీదికి వస్తే ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లో ఆ ఆప్ కుప్పకూలేది. 11.2.6తో సరిచేశారు. తెలుగు లిపి ప్రపంచ వార్తలకెక్కిన కొద్ది సందర్భాల్లో ఇదొకటి.

స్టైల్ షీట్లు, ఫాంట్లు

స్టైల్ షీట్లు రాసే భాష సీఎస్ఎస్‌లో వర్షన్లకు బదులు అంచెలు ఉంటాయి. 1996లో మొదటిది, 1998లో రెండోది. పేజీతో పాటే ఫాంటు పంపే ఏర్పాటు రెండో అంచెలో ఉండేది. దాని సవరణ 2.1లో తీసేశారు, మూడో అంచె ఫాంట్ల విభాగంలో తిరిగి తెచ్చారు. సఫారీ 2008లో, ఫైర్‌ఫాక్స్ 2009లో మామూలు ఫాంటు ఫైళ్ళనే నేరుగా తెచ్చుకోవడం మొదలుపెట్టాయి. 1997లో రెండు బ్రౌజర్లకు రెండు రకాల ఫైళ్ళు చేసిన తెలుగు పత్రికల అవస్థ అప్పటికి తీరింది. సిలికానాంధ్ర, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి తెచ్చిన రామభద్ర, గిడుగు, గురజాడ, ధూర్జటి, మల్లన్న వంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు ఇప్పుడు గూగుల్ ఫాంట్లలో దొరుకుతున్నాయి. జాబితాలకు ౧, ౨, ౩ అని తెలుగు అంకెలు వేసే సదుపాయం కూడా సీఎస్ఎస్‌లో ఉంది. వాడేవారు మాత్రం అరుదు.

మిగిలిన పాత పేజీలు

ఫాంటు ట్యాగు 1997లో వద్దనిపించుకుంది, నేటి ప్రమాణం దాన్ని కాలం చెల్లినదంటుంది. అయితే అదే ప్రమాణం బ్రౌజర్లు దాన్ని ఎలా చూపించాలో కూడా విధిగా నిర్దేశిస్తుంది, ఫేస్ లక్షణంతో సహా. అందువల్ల 1999 నాటి తెలుగు పేజీ ఇవాళ తెరిచినా మార్కప్ వరకు చెక్కుచెదరదు. చెడేది అక్షరాలే. ఆనాటి ఫాంటు ఫైలు రకాన్ని నేటి బ్రౌజరు తెరవదు, ఫాంటు విడిగా దొరకదు. ఐఎస్‌సీఐఐలో రాసిన పేజీ పరిస్థితి ఇంకా కష్టం. బ్రౌజర్లు గుర్తించాల్సిన ఎన్‌కోడింగుల అధికారిక జాబితాలో దానికి చోటు లేదు. ఎక్స్-యూజర్-డిఫైన్డ్ మాత్రం ఉంది.

ఇలాంటి పాఠాన్ని యూనికోడులోకి తేవాలంటే ఫాంటు ఫాంటుకూ ఒక పట్టిక కావాలి. పట్టిక ఒక్కటే ఉంటే సరిపోదు. ఫాంటు దారిలో ముక్కలు కంటికి కనిపించే వరుసలో ఉంటాయి, యూనికోడులో పలికే వరుసలో ఉంటాయి. కొన్ని ఫాంట్లలో క్రావడిని హల్లు కన్నా ముందు కొట్టాలి, దాన్ని వెనక్కి జరపాలి. తలకట్టు విడి ముక్కగా ఉంటే దాన్ని తుడిచేయాలి, లేని చోట పొల్లు పెట్టాలి. పెళ్ళి శుభలేఖలు, కరపత్రాలు వేసే డీటీపీ సెంటర్లలో 'అను' పేరుగల ఫాంట్లతో చేసిన ఫైళ్ళకూ ఇదే మార్పిడి అవసరం. ఏ ఫాంటు ఎప్పటి వర్షనో తెలియకపోతే మార్చినది సరిగా వచ్చిందో లేదో ఒక మనిషి కూర్చుని చదివి చూసుకోవాల్సిందే.